‘బాలల దుర్వినియోగం’ అనవచ్చా?

సందేహం: ‘అబ్యూజ్’ అనే ఇంగ్లిషు మాటకు దుర్వినియోగం, దూషణ, వేధింపు, అత్యాచారం అని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తున్నారు. ఒక కరపత్రంలో ‘బాలల దుర్వినియోగం’ అని కూడా ఉంది. ఏది సరి?

సమాధానం: ‘బాలల దుర్వినియోగం’ తప్పు. ఆ ఇంగ్లిషు మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దారితప్పిన వాడకం అని దాని మూలార్థం. అందుకే అధికారం, నిధులు, చట్టం వంటివాటికి దుర్వినియోగం చక్కగా అతుకుతుంది. పిల్లలు వాడుకునే వస్తువులు కారు. దుర్వినియోగం అన్నామంటే వాళ్లను సద్వినియోగం చేసుకోవచ్చన్న అర్థం కూడా వస్తుంది. ‘పిల్లలపై హింస’ అనండి. సందర్భం అదైతే ‘పిల్లలపై లైంగిక దాడి’ అని సూటిగా రాయండి.

మనిషికి జరిగినదాన్ని చెప్పేటప్పుడు ఏం జరిగిందో చూసి మాట ఎంచుకోవాలి. నోటితో చేసినది దూషణ. దోషం, దుష్టుడు, దూషణ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. చెడగొట్టడం అనే పాత అర్థం హిందీ ‘ప్రదూషణ్’లో, అంటే కాలుష్యంలో, ఇంకా ఉంది. తెలుగులో మాత్రం దూషణ తిట్లకే పరిమితమైంది. కాబట్టి కొట్టిన సంగతిని ‘శారీరక దూషణ’ అంటే తెలుగువాడికి అర్థం కాదు. నింద వేరు: అది లేని తప్పు అంటగట్టడం. ‘నింద మోపాడు’ అంటాం గాని ‘దూషణ మోపాడు’ అనం.

వేధింపులో ధకు వత్తు తప్పనిసరి. వేధ అంటే పొడవడం, తొలవడం. చెవులు కుట్టించే కర్ణవేధలో ఉన్నది అదే. ‘వేదింపులు’ అని రాసేవాళ్లు వేదనతో కలిపేస్తున్నారు, ఆ మాట పుట్టుక వేరు. పైగా వేధింపు అంటే పదేపదే పెట్టే బాధ అన్న భావం బలంగా ఉంటుంది. ఒక్కసారి చెంపమీద కొడితే అది దాడి. రోజూ కట్నం కోసం సాధిస్తే వేధింపు.

2005 నాటి గృహహింస చట్టం శారీరక, లైంగిక, మాటల–మానసిక, ఆర్థిక రూపాలను విడివిడిగా చెబుతుంది. అన్నిటికీ ‘హింస’ సరిపోతుంది. ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, స్త్రీధనం దక్కనివ్వకపోవడం ఆర్థిక హింస.

అత్యాచారం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. అతి + ఆచారం, యణాదేశ సంధి. హద్దు మీరిన నడత అని అర్థం. హిందీలో నేటికీ అది దౌర్జన్యమే. తెలుగు పత్రికల వాడుకలో మాత్రం లైంగిక నేరానికే స్థిరపడింది. అందుకే 1989 నాటి ‘ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం’ పేరు విని చాలామంది పొరబడతారు. ఆ పేరులోని అత్యాచారం పాత అర్థంలోది. కులం పేరుతో బహిరంగంగా అవమానించడం, భూమి లాక్కోవడం కూడా దాని కిందికి వస్తాయి. వార్తలో ‘ఆ చట్టం కింద కేసు’ అని ఊరుకోక, జరిగిన నేరమేమిటో పక్కనే రాయాలి.

‘చెరచు’, ‘మానభంగం’ మాత్రం ఇక మానేయాలి. చెరచడమంటే చెడగొట్టడం, మానభంగమంటే మానం పోవడం. రెండూ నేరం చేసినవాణ్ని వదిలేసి, ఆమెకే ఏదో పోయిందంటాయి. ‘ఆమెపై అత్యాచారం చేశాడు’ అన్నప్పుడు కర్త వాక్యంలోనే ఉంటాడు. ‘అత్యాచారానికి గురైంది’ అని రాయాల్సి వచ్చినా, చేసిందెవరో వెంటనే చెప్పండి.