బండి అదురు గురించి నా మేనకోడలికి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు బండి తానే విప్పి చూసుకుంటదంట, పానాల సెట్ కొనుక్కొచ్చింది" అని. ఆ మాటకు నాకు ఛాతీ పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు, సగం వినవు.

హైవే మీద ఎనభై ఐదు, తొంభై దగ్గర అదురు వస్తోంది, అదీ రోజూ రావడం లేదు. ఇదే కదా నీ కంప్లైంట్? అప్పుడప్పుడూ వచ్చే అదురును చూసి ముందే పార్టులు కొనకు. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు అన్నది ఓ నోటుబుక్కులో రాసుకో. ఎంత స్పీడు, ఏ గేరు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా వదిలినప్పుడా, వెనక మేత బస్తాలు ఉన్నాయా, ఆ రోజు చెరువు గట్టు మీద ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం ఇచ్చేది) వేశావా. పది రోజులు ఇట్టా రాస్తే సగం జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

టైర్లలో గాలి, వీల్ నట్లు, బ్యాలెన్సింగ్ నీకు తెలిసినవే. అలైన్‌మెంట్ బండి పక్కకు లాగితే చూసుకునేది, అదురుకు మందు కాదు. టైరు ఉబ్బిందేమో జాకీ మీద తిప్పి చూడు. ఆగినప్పుడు ఏ చక్రమైనా మిగతా వాటికంటే ఎక్కువ కాలుతుంటే ఆ బ్రేకు పట్టేస్తోందని అర్థం.

నువ్వు పాకల వైపు చెరువుల్లోకి పోయి వస్తావు కాబట్టి ఒకటి చెబుతా. బురద రిమ్ము లోపలి వైపు పట్టి ఎండిపోతుంది. బయటికి కనపడదు. కొంత రాలిపోతుంది, కొంత ఉంటుంది. ఆ రోజు వాబ్లింగ్, మర్నాడు మాయం. బ్యాలెన్సింగ్ కొట్టించే ముందు చక్రాలు విప్పి లోపలంతా కడుగు.

అదురు ఎక్కడ తెలుస్తోందో చూడు. స్టీరింగ్ కొట్టుకుంటే ముందు చక్రాలు. సీటు కింద, కాళ్ల కింద సన్నగా జుమ్మని వస్తే షాఫ్ట్, అదే బండి కింద తిరుగుతూ ఇంజన్ బలాన్ని చక్రాలకు మోసే పొడుగు గొట్టం. తొంభై స్పీడులో చక్రం సెకనుకు పదకొండు సార్లు తిరుగుతుంది, షాఫ్ట్ దానికి దాదాపు నాలుగింతలు తిరుగుతుంది. అందుకే చక్రం అదురు దడదడ, షాఫ్ట్ అదురు తేనెటీగల తుట్టె. అదే స్పీడులో ఒక గేరు తగ్గించి చూడు. అదురు మారకపోతే ఇంజన్‌ను వదిలెయ్. ఈ పరీక్ష తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి, పక్కన రాసేందుకు ఒకరిని కూర్చోబెట్టుకో. బండి నడుపుతూ నువ్వు రాయొద్దు.

ఫోర్‌వీల్ సంగతి. బురదలో వేసి, తారు ఎక్కాక టూవీల్‌కు మార్చినా ఒక్కోసారి ముందు హబ్బు (చక్రాన్ని ఇరుసుకు కలిపే భాగం) పూర్తిగా విడదు. అప్పుడు ముందు షాఫ్ట్ ఊరికే తిరుగుతూ ఉంటుంది, దానికి ఏ కొంచెం వంకర ఉన్నా హైవే మీద బయటపడుతుంది. హబ్బు తనంతట తాను లాక్ పడే రకాల్లో కొన్నిటికి నాలుగైదు మీటర్లు రివర్సు పోతేనే విడుతుంది. నీ నోటుబుక్కులో అదురు వచ్చిన రోజులన్నీ ఫోర్‌వీల్ వేసిన రోజులే అయితే ముందు అక్కడే చూడు. ఎండిన తారు మీద మాత్రం ఎప్పుడూ ఫోర్‌వీల్ వేయకు.

ఇక వెనక షాఫ్ట్ గురించి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

1998 మే నెల. నా దగ్గర ఎమ్ఎమ్ 540 జీపు ఉండేది. వెనక షాఫ్ట్ క్రాస్, అంటే షాఫ్ట్ చివర మడతపడే కీలు, వాగుతోందని నేనే విప్పాను. షాఫ్ట్ పొడవు సర్దుకునే పళ్ల అతుకు, స్లిప్ జాయింట్, రెండు ముక్కలుగా ఊడి వచ్చింది. విప్పే ముందు సున్నంతో ఒక గీత గీసి ఉంటే సరిపోయేది. గీయలేదు. కొత్త క్రాస్ వేసి, పళ్లు ఎక్కడ పడితే అక్కడ దూర్చి బిగించాను. షాఫ్ట్‌కు రెండు చివర్లా క్రాస్‌ను పట్టుకునే చెవులు ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే షాఫ్ట్ ఒకే తీరున తిరగదు, తిరిగిన ప్రతిసారీ క్రాస్‌ను నలుపుతుంది.

మర్నాటి నుంచే అరవై దాటితే అదురు. నేను టైర్లు మార్చాను. బ్యాలెన్సింగ్ మూడుసార్లు చేయించాను. రోడ్డు బాగలేదన్నాను. నా చేతి పని మీద నాకు అనుమానమే రాలేదమ్మా. కొత్త క్రాస్ వేశాను కదా అని దానికి గ్రీజు కూడా కొట్టలేదు.

ఆ నెలలోనే ఒంగోలులో పెళ్లి చూసుకుని కావలి వస్తున్నాం. నేను, మీ అమ్మ, నువ్వు. నీకు ఆరేళ్లు. ఉలవపాడులో మీ అమ్మ బంగినపల్లి కాయలు గంపెడు కొనింది. గంప పెట్టడానికి వెనక చోటు లేక నీ కాళ్ల దగ్గర, నడిమధ్యన పెట్టాం. నువ్వు కాళ్లు మడుచుకుని అమ్మ ఒళ్లో పడుకున్నావు. ఊరు దాటి రెండు మైళ్లు వచ్చామో లేదో, ధన్‌మని శబ్దం. గేరు వైపు క్రాస్ తెగి షాఫ్ట్ ముందు కొస కిందికి జారింది. రోడ్డుకు కొట్టుకుని పైకి లేచి ఫ్లోర్ రేకును కింది నుంచి పొడిచింది. గంప ఎగిరి పడింది. కాయలు రోడ్డంతా దొర్లాయి.

ఎట్టా ఆపానో నాకే తెలియదు. దిగి చూస్తే రేకు జానెడు మేర పైకి చీలి ఉంది, సరిగ్గా నీ పాదాలు ఉండాల్సిన చోట. తెగిన క్రాస్ కప్పు దొరికితే విప్పి చూశాను. లోపల సూదుల్లాంటి బేరింగులు ఒక్కటీ మిగల్లేదు. ఇటుక పొడిలా ఎర్రటి తుప్పు. అది వేలికి అంటుకుంది. ఆ రంగు ఇప్పటికీ కళ్లలో ఉంది.

మీ అమ్మకు టైరు పోయిందని చెప్పాను. ఇన్నేళ్లుగా అదే అనుకుంటోంది. ఈ ఉత్తరం తనకు కూడా చదివి వినిపించు. తిడితే తిట్టనీ.

కాబట్టి బుజ్జమ్మా, షాఫ్ట్ మీద చెయ్యి వేసే ముందు రెండు వైపులా పెయింటుతో గీతలు గీయి, ఫోటో తీసుకో. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రపొడి కనిపిస్తే బండి ఇంక హైవే ఎక్కకూడదు, అర కిలోమీటరైనా సరే. షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడు, క్రాస్‌లో టకటక ఉండకూడదు. షాఫ్ట్‌ను మధ్యలో పట్టుకునే సెంటర్ బేరింగు ఉంటే దాని రబ్బరు చీలిందేమో చూడు. వెనక బస్తాలు వేస్తే బండి కుంగి షాఫ్ట్ వాలు మారుతుంది. లోడు ఉన్నప్పుడే వస్తుంటే ఆ రబ్బరునూ క్రాస్‌నూ ముందు అనుమానించు. నువ్వు ఈ బండి కొనకముందు ఎవరైనా ఆ షాఫ్ట్ విప్పారేమో పాత ఓనర్ని అడుగు. సిగ్గుపడకు, రెండుసార్లు అడుగు.

అదురు గట్టిగా వచ్చిన రోజు "ఇంకో పది కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. స్పీడు తగ్గించి పక్కకు ఆపి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఫర్వాలేదు. టెన్షన్ పడతానని చెప్పకుండా దాచావనుకో, నాకు ఇంకా టెన్షన్.

ఆదివారం పొద్దున పాసింజరుకు వస్తున్నాను. గ్రీజు గన్నూ రెండు స్టాండ్లూ తెస్తాను. అప్పటిదాకా నోటుబుక్కు రాస్తూ ఉండు, చక్రాలు కడిగి పెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్మి మాత్రం బండి కిందికి దూరకు తల్లీ. నేను వచ్చేదాకా ఆగు. కిందికి దూరేది నువ్వే, లైటు నేను పట్టుకుంటాను.

మీ మామయ్య,
కావలి