విధి నిర్వహణలో భర్త మరణిస్తే ఏ పింఛను వస్తుంది?

ప్రశ్న: సీఆర్‌పీఎఫ్‌లో 2013లో చేరిన మా వారు ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మందుపాతర పేలి మరణించారు. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) సొమ్మే తప్ప కుటుంబ పింఛను రాదంటున్నారు. వచ్చినా అత్తమామలకు సగం ఇవ్వాలా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రాదన్న మాట నిజం కాదమ్మా. ఎన్‌పీఎస్‌లో ఉన్న ఉద్యోగి ఇలా మరణించినప్పుడు, ఆ ఖాతాలోని ప్రభుత్వ వాటా వెనక్కి వెళ్లి, ఆయన సొంత వాటా నామినీకి అందుతుంది. భార్యకు కుటుంబ పింఛను మంజూరవుతుంది. అయితే ఏ రకం పింఛనన్నదే అసలు విషయం. సాధారణ కుటుంబ పింఛనైతే చివరి మూల వేతనంలో 50 శాతం చొప్పున 10 ఏళ్లు, తరువాత 30 శాతం వస్తుంది. తీవ్రవాదుల చర్యలో మరణించినవారి భార్యకు వర్తించే ఉదారీకృత కుటుంబ పింఛనైతే చివరి మూల వేతనమంతా, దానిపై కరువు భృతితో సహా వస్తుంది. దానికి ఆదాయపు పన్ను కూడా ఉండదు. కనుక మీ పింఛను చెల్లింపు ఉత్తర్వులో ఏ రకమని రాశారో ముందు చూడండి. సాధారణమని ఉంటే, విచారణ నివేదిక, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక నకళ్లు జతచేసి, సవరణ కోరుతూ బెటాలియన్ కమాండెంటుకు లిఖితపూర్వకంగా రాయండి. ఫోనులో అడిగి ఊరుకుంటే పని జరగదు.

భార్య ఉండగా పింఛనులో అత్తమామలకు వాటా ఉండదు. గ్రాట్యుటీ (సర్వీసుకు గాను ఒకేసారి ఇచ్చే సొమ్ము) మాత్రం నామినేషన్‌ను బట్టి పోతుంది. కారుణ్య నియామకం తీసుకున్నా పింఛను ఆగదు, కానీ భర్తపై ఆధారపడిన వారిని పోషిస్తానని హామీపత్రం ఇవ్వాలి.