బిడ్డా, నీ మేనిఫెస్టో ఛాట్ కావద్దు

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "పెద్దమ్మా, బీడీ సంఘం వాళ్లంతా వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నన్నే నిలబడమంటున్నరు" అని చెప్పినప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు. సంతోషం ఎంతో, టెన్షన్ కూడా అంతే. నువ్వు వాట్సాప్‌లో పంపిన మేనిఫెస్టోను మనవడితో పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించుకుని మూడుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను, నువ్వూ సగమే వింటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇరవై రెండు హామీలు రాశావు. ఒక్కటీ చెడ్డది కాదు. కానీ చదివాక అందులో నువ్వు కనబడలేదు. రోడ్లు, డ్రైనేజీ, స్టేడియం, ఉచిత కోచింగ్, మండలానికో డిగ్రీ కాలేజీ. ఇవి ఏ పార్టీ కాగితంలోనైనా ఉంటాయి. పదమూడో ఏట నుంచి బీడీలు చుడుతున్న మనిషి రాసిన కాగితమని తెలిసేది పదిహేడో నంబరు దగ్గర, అదీ ఒకే ఒక్క లైను: "బీడీ కార్మికుల సమస్యలు పరిష్కరిస్తాం." ఏ సమస్య? ఎట్లా పరిష్కరిస్తావు?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా. నేను నిలబడ్డప్పుడు నా కరపత్రంలో పద్నాలుగు హామీలు. పక్కూరి మీటింగ్‌లో చంకన పిల్లతో ఒకామె లేచి, "అక్కా, నెలకు నాకు ఎన్ని రోజుల పని దొరుకుతదో ఈ పద్నాలుగింట్ల ఏ నంబరు దగ్గరుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "అన్నీ చేద్దాం తల్లీ" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు, పిల్లను సర్దుకుని కూర్చుంది. డిపాజిట్ పోయిన బాధ ఏడాదికి పోయింది. ఆమె అట్లా కూర్చోవడం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకని ముందు ఆ కాగితం పక్కన పెట్టు. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు గడులు చెయ్యి. ఒకదాని మీద ఢిల్లీ, ఒకదాని మీద హైదరాబాద్, మూడోదాని మీద కంపెనీ అని రాసుకో. మనవాళ్లు అడిగే ప్రతి విషయం ఎవరి చేతిలో ఉందో కనుక్కుని ఆ గడిలో వెయ్యి. ఎమ్మెల్యే చెయ్యగలిగేది హైదరాబాద్ గడిలోనే ఉంటుంది. మిగతా రెండింటి మీద నువ్వు ఒత్తిడి తేగలవు, అంతే. ఈ తేడా మన ఆడవాళ్లకు చెప్తే అర్థం కాదని అనుకోకు. ఆకు ఇచ్చి బీడీలు చుట్టించుకునే ఏ ఠేకేదార్ ఏం చెయ్యగలడో, ఏది అతని చేతిలో లేదో మనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఉదాహరణకు పీఎఫ్ పెన్షన్ తీసుకో. కనీసం వెయ్యి రూపాయలు ఉండాలని 2014లో చేసింది కేంద్రం, పెంచాల్సిందీ కేంద్రమే. అది ఢిల్లీ గడి. అదే బీడీ కార్మికులకు నెలనెలా ఇచ్చే జీవన భృతి రాష్ట్రానిది. 2015లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. మొదలుపెట్టినప్పుడు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరున్నవాళ్లకే అన్నారు. ఆ ఒక్క తేదీ వల్ల ఒకే అరుగు మీద కూర్చుని చుట్టే ఇద్దరిలో ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. నీ వీధిలోనే అట్లాంటి ఇళ్లు ఎన్నో నీకు తెలుసు. రాష్ట్రం పెట్టిన తేదీని రాష్ట్రమే మార్చగలదు. ఎమ్మెల్యేగా నువ్వు నేరుగా అడగాల్సిన మాట ఇది. దీన్ని మొదటి పేజీలోకి తెచ్చుకో.

జీఎస్టీ తగ్గిస్తానని మాత్రం రాయకు, అది నీ చేతిలో లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీల మీద 28 శాతం వేశారు. అంతకుముందు బీడీల మీద వసూలు చేసే సెస్సు నుంచే మన దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్‌లు నడిచేవి. ఆ సెస్సు జీఎస్టీలో కలిసిపోయింది. అయితే జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్ర మంత్రి కూడా కూర్చుంటారు. "మా సంక్షేమం డబ్బు గురించి అక్కడ అడగాలని అసెంబ్లీలో పట్టుబడతా" అని రాయి. ఆ మాట నువ్వు నిలబెట్టుకోగలవు.

ఇప్పుడు అసలు సంగతి, ఆకు తూకం. పెద్ద పార్టీల వాళ్లు ఎవరూ రాయలేనిది, నువ్వు మాత్రమే రాయగలిగింది ఇదే. వెయ్యి బీడీలకని కార్ఖానాలో తూచి ఇచ్చిన ఆకు ఇంటికి తెచ్చి, రాత్రి తడిపి గోనెసంచిలో చుట్టిపెడతాం. పొద్దున రేకు ముక్క పెట్టి కత్తిరిస్తే చిల్లులున్నది, చిరిగింది, ఈనె మందంగా ఉన్నది పోగా మిగిలేది ఎనిమిది వందలకు కూడా సరిపోదు. మిగతాది మన డబ్బుతో కొని నింపుతాం. సాయంత్రం కట్టలు తీసుకుపోతే అక్కడ కూర్చున్నతను ఒక కట్ట తీసి వేళ్లతో నొక్కి, ముఖం కూడా చూడకుండా పక్కకు పడేస్తాడు. ఛాట్ అంటే ఇదే, పనికిరాదని తీసిపారెయ్యడం. ఆ బీడీలకు కూలి లేదు, బీడీలు కూడా మనకు తిరిగి రావు. నలభై ఏళ్లు ఇట్లా ఎన్ని కట్టలు పోగొట్టుకున్నానో లెక్కపెట్టి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ లెక్క నువ్వు పెట్టు. పది ఇళ్లు ఎంచుకుని, కిరాణా దుకాణం తక్కెడతో ఒక నెల రోజులు ప్రతిసారీ ఆకు తూచి రాయండి. ఎంత ఇచ్చారు, ఎంత పనికొచ్చింది, ఎంత కొన్నారు, ఛాట్‌లో ఎన్ని పోయాయి, నెలలో ఎన్ని రోజులు పని దొరికింది. ఆ నెల అయ్యాక నీ దగ్గర ఉండే అంకె ఏ అధికారి దగ్గరా ఉండదు. మేనిఫెస్టోలో ఆ అంకె వెయ్యి, కింద "పది ఇళ్లలో మేమే తూచి రాసింది" అని రాయి. ఎదుటివాళ్లు కాదనాలంటే వాళ్లు కూడా తక్కెడ తేవాలి.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు అడగాలో కూడా చెప్తా. మనకోసం విడిగా ఉన్న 1966 నాటి బీడీ కార్మికుల చట్టాన్ని పాత కార్మిక చట్టాల బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో కలిపేశారు. ఆ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో ఆకు దగ్గర, ఛాట్ దగ్గర గొడవ వస్తే తేల్చడానికి ఒక దారి ఉండేది. మనలో చాలామందికి అది ఉందనే తెలియదు, అది వేరే సంగతి. కోడ్ కింద నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానికీ ఉంది. ఆ నిబంధనల్లో వెయ్యి బీడీలకు ఎంత ఆకు ఇవ్వాలి, ఛాట్ ఎంతకు మించకూడదు అన్నది ఉండాలని నీ హామీలో రాయి. సంఘం వకీలును కూర్చోబెట్టుకుని సరైన మాటలు రాయించుకో. కనీస వేతనం కూడా అంతే. ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పింది, దాని బదులు వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెప్తుంది. చివరిసారి జీవో ఎప్పుడు వచ్చిందో లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ తేదీ వేసి అడుగు.

నెలకు 26 రోజుల పని అన్నది మన సంఘాల పాత డిమాండు. అది కంపెనీ గడిలోది. ఇప్పిస్తా అనకు. కంపెనీతో ప్రతి ఒప్పందం అప్పుడు కార్మికుల వైపు కూర్చుంటా అను.

హామీలు తక్కువైతే జనం పట్టించుకోరేమో అని నీ భయం, అవునా? మన జిల్లా రైతులను గుర్తు చేసుకో. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో ఉంటే అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు, పసుపుకు ధర కావాలి, ఇంతే వాళ్ల మేనిఫెస్టో. పోలింగ్ బూత్‌లో ఒకదాని పక్కన ఒకటి పన్నెండు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. ఆ రైతుల్లో ఎవరూ గెలవలేదు. కానీ ఆ మాటను ఏ పార్టీ తప్పించుకోలేకపోయింది. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అభ్యర్థే గెలిచాడు, 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఆరేళ్లు పట్టింది, నిజమే. ఇరవై రెండు అడిగి ఉంటే ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఇంకొకటి రాయడానికి నాకు కష్టంగానే ఉంది. బీడీ ఎంతకాలం ఉంటుందో ఆలోచించుకున్నావా? 2016లో కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వెయ్యాలన్నప్పుడు కంపెనీలు మూసుకుంటే మనం పస్తులున్నాం, రోడ్డెక్కాం. అప్పుడు కొట్లాడింది కూడు కోసం, తప్పు కాదు. కానీ ఆ దుమ్ముతో నా ఊపిరి ఎట్లా అయిందో నీకు తెలుసు, మెట్లెక్కితే రెండుసార్లు ఆగాలి. బీడీలు తాగేవాళ్లకు జరిగేది కూడా మనకు తెలియంది కాదు. మీటింగ్‌లో ఎవరో ఒక చదువుకున్న పిల్ల లేచి తప్పకుండా అడుగుతుంది: "అక్కా, నువ్వు బీడీ ఉండాలంటున్నవా, పోవాలంటున్నవా?" జవాబు ఇప్పుడే రాసి పెట్టుకో. నన్నడిగితే ఇట్లా రాస్తా: ఇప్పుడు చుట్టేవాళ్ల కూలి, పింఛను, దవాఖాన ఎవరూ ముట్టుకోకూడదు, మన బిడ్డల ఒళ్లోకి మాత్రం బీడీ చాట రాకూడదు. బోర్డు వచ్చింది కదా, పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, పొడి కొట్టి, ప్యాక్ చేసే యూనిట్లలో బీడీ ఇళ్ల ఆడపిల్లలకు ముందు పని, ముందు ట్రైనింగ్ ఇవ్వాలని అడుగు. ఏ ఊళ్లో షెడ్డుకు జాగా ఉందో కూడా చూసి పెట్టు. దుబాయి, మస్కట్ పోయిన మగవాళ్ల సంగతి కూడా ఈ పేరాలోనే కలుపు. ఇక్కడ పని ఉంటే ఎందుకు పోతారు వాళ్లు?

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ తెరిపిస్తానని రాశావు. అది 2015 డిసెంబర్‌లో మూతపడ్డప్పటి నుంచి ఎన్ని నోళ్లు ఆ మాట అన్నాయో నువ్వే విన్నావు. దాన్ని కొట్టెయ్యి.

డబ్బు సంగతి. ఎమ్మెల్యేకు డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితేనే తిరిగొస్తుంది. ఇండిపెండెంట్‌వి కాబట్టి అదే నియోజకవర్గం ఓటర్లు పది మంది నిన్ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాలి. ఈ పది మంది రూలు 1996లో వచ్చింది. ఆ ఏడాదే ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పడానికి నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. నువ్వు పదికి బదులు పదిహేను మందిని సిద్ధం చేసుకో, సంతకం రోజున ఎవరికో జ్వరం వస్తుంది, ఎవరినో ఇంట్లో ఆపుతారు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఎన్నికల ఖర్చుకని విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఖర్చు పరిమితి 40 లక్షలని విని బెదరకు. అది పై హద్దు, అంత పెట్టాలని కాదు. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. టీ ఖర్చు కూడా రాయి. మన దగ్గర చందా ఇచ్చే ఆడవాళ్లు ఇరవై, యాభై చొప్పున ఇస్తారు, ఆ లెక్కను ఊరూరా చదివి వినిపించు.

మేనిఫెస్టో ఒక్క కాగితం, రెండు వైపులా. అంతకు మించితే చుట్టలు చుట్టి పొయ్యిలో పెడతారు. చదువురాని వాళ్లకు ఎవరో చదివి వినిపించాలి కాబట్టి వాక్యాలు చిన్నగా రాయి. అచ్చుకిచ్చే ముందు నలుగురు బీడీలు చుట్టే చోట కూర్చుని పైకి చదువు. చుట్టే చేతులు ఎక్కడ ఆగి తలెత్తి నీ వైపు చూశారో అక్కడ గీత గీసుకో, ఆ మాటలు ఉంచు. చేతులు ఆగని చోట మాటలు మార్చు.

ఆదివారం కార్ఖానా బంద్ ఉంటుంది కదా, పొద్దున మొదటి బస్సుకే రా. నోట్‌బుక్ తెచ్చుకో, పోయిన నెల ఠేకేదార్ ఇచ్చిన చీటీలు ఏమైనా దాచి ఉంటే అవీ తే. తక్కెడ నా దగ్గర ఉంది.

నీ పెద్దమ్మ