నిరుటి దసరా లైట్లు ఇంకా ఆరలేదు

ప్రశ్న: నమస్కారమండి. మాది బరంపురం. మా ఆయనకు చిన్న రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 34,000 దాకా వస్తుంది. పాపకు 13, బాబుకు 9, అత్తగారికి 66 ఏళ్ళు. నిరుడు దసరాకి పిల్లలకు లైట్లు చూపిద్దామని కొట్టు మూసి నాలుగు రోజులు కలకత్తా వెళ్ళాం. పందిళ్ళూ లైట్లూ అన్నీ ఉచితమే కదా, ఏమవుతుందిలే అనుకున్నాం. తీరా చూస్తే 30,400 అయింది. తత్కాల్ టికెట్లు 5,600, రెండు గదులు మూడు రాత్రులకు 11,400, టాక్సీలు 4,800, తిండి 5,100, బొమ్మలూ చిల్లరా 3,500. ఇందులో 18,000 క్రెడిట్ కార్డు మీద పెట్టాం. నెలనెలా వాళ్ళు అడిగిన మినిమమ్ తప్పకుండా కడుతున్నాను. పది నెలల్లో 9,000 కట్టాను. అయినా 16,150 బాకీ చూపిస్తోంది. వడ్డీ నెలకు మూడున్నర శాతం. బ్యాంకులో 30,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఇంటి ఖర్చులూ ఈ కార్డు డబ్బులూ పోను నెలకు 2,500 మిగులుతుంది. ఇప్పుడు మా ఆయన ఈ దసరాకి మళ్ళీ కలకత్తా అంటున్నారు. ఫోన్‌లో ఒక యాప్ వాళ్ళు ముందు తిరిగి రండి, తర్వాత కట్టుకోండి అని 25,000 లోను ఇస్తామంటున్నారట. నాకేమో టెన్షన్. వద్దంటే పిల్లల ముఖం చూడలేను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కలకత్తా వద్దని నేననను. ఈ దసరాకి మాత్రం వద్దంటాను. కార్తీకంలో వెళ్ళండి. అదెందుకో చెప్పేముందు కార్డు సంగతి తేల్చాలి. కలకత్తాలో ఆ లైట్లు నాలుగు రోజులకే ఆరిపోయాయి గానీ, మీ ఇంట్లో వాటి మీటరు ఇంకా తిరుగుతూనే ఉంది.

16,150 మీద మూడున్నర శాతం అంటే నెలకు 565 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 102. మొత్తం 667. మినిమమ్ అంటే మామూలుగా బాకీలో 5 శాతం, మీకు 840 దాకా వస్తుంది. మీరు 840 కడితే అసలు తగ్గేది 170 చిల్లర. మీరు కట్టిన 9,000లో అప్పు తీరింది 1,850. మిగతా 7,150 వడ్డీకీ పన్నుకీ పోయింది. బరంపురం నుంచి హౌరాకి స్లీపర్ టికెట్ మనిషికి సుమారు 400. ఆ 7,150తో మీ ఐదుగురూ రానూపోనూ టికెట్లు కొనుక్కున్నా ఇంకా 3,000 పైన మిగిలేది. మీ తప్పని అనడం లేదు. మినిమమ్ కట్టేస్తే ఆ నెలకు గండం గడిచిందనే అనిపిస్తుంది, స్టేట్‌మెంట్ కూడా అలాగే కనిపిస్తుంది. అది లేటు ఫీజు పడకుండా కాపాడుతుంది తప్ప వడ్డీ నుంచి కాపాడదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. వడ్డీ లేని ఆ నలభై, యాభై రోజుల గడువు మీకు లేదు. అందుకని ఆ కార్డుతో కిరాణా కూడా కొనకండి.

ఇక మీ ఎఫ్‌డీ. ఆరున్నర శాతం వస్తోందనుకుందాం. అందులో 16,150కి ఏడాదికి వచ్చేది 1,050. అదే 16,150కి కార్డు వాళ్ళు ఏడాదికి మీ దగ్గర గుంజేది, పన్నుతో కలిపి, 8,000. కుడిచేత్తో వెయ్యి తీసుకుని ఎడమచేత్తో ఎనిమిది వేలు ఇస్తూ ఎఫ్‌డీ కదపకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. రేపే బ్యాంకుకు వెళ్ళి ఎఫ్‌డీ తీయండి. గడువుకు ముందు తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, పోనివ్వండి. కార్డు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ రోజుకు మొత్తం ఎంత కడితే తీరుతుందో అడిగి, అంతా ఒక్కసారే కట్టేయండి. వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో మళ్ళీ ఒక చిన్న అంకె కనిపిస్తుంది. కంగారు పడకండి, అది స్టేట్‌మెంట్ తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య పడిన వడ్డీ. అదీ కట్టేస్తే లెక్క సున్నా. చాలామంది ఇక్కడే దాన్ని చూసుకోక మళ్ళీ లేటు ఫీజులో పడతారు.

ఎఫ్‌డీలో ఇంకా 13,850 దాకా మిగులుతుంది. దాన్ని మళ్ళీ డిపాజిట్ చేయండి. జబ్బుకీ ఆపదకీ తప్ప ముట్టకండి. ఒట్టు పెట్టుకోవాలంటే దీని మీద పెట్టుకోండి.

యాప్ లోను గురించి ఎక్కువ చెప్పను. ప్రాసెసింగ్ ఫీజూ దాని మీద జీఎస్టీ ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. వాళ్ళు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం చూపించాలి, అది రిజర్వ్ బ్యాంకు నియమం. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ఫీజులన్నీ కలిపితే ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో అది చెబుతుంది. మీ ఆయన్ని ఆ ఒక్క అంకె చూసి మాట్లాడమనండి.

ఇప్పుడు మీ 30,400 లెక్కకు వద్దాం. అందులో లైట్ల కోసం మీరు పైసా కట్టలేదు. కట్టిందంతా తేదీ కోసం. 2021లో కలకత్తా దుర్గాపూజకు యునెస్కో గుర్తింపు వచ్చాక చెప్పనక్కర్లేదు గానీ, అంతకు ముందు కూడా ఆ నాలుగు రోజులూ కలకత్తాలో కాలు పెట్టడానికి చోటు ఉండేది కాదు. ఆ ఏడాదే అక్కడి శ్రీభూమి క్లబ్బువాళ్ళు పందిరిని దుబాయ్ బుర్జ్ ఖలీఫాలాగా కడితే, జనం తాకిడికి మధ్యలోనే జనాన్ని రానివ్వడం ఆపేయాల్సి వచ్చింది. అంత జనం ఉన్నచోట గది అద్దె పెరుగుతుంది, టాక్సీ కదలదు, రైల్లో తత్కాల్ తప్ప దొరకదు. నేనూ ఒకసారి సప్తమి రాత్రి టాక్సీలో గంటన్నర కూర్చుని, చివరికి దిగి నడిచాను. బండి నడవలేదు గానీ మీటరు నడిచింది.

మీరు లెక్కలో రాయనిది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. మీది రెడీమేడ్ కొట్టు. దసరా నాలుగు రోజులంటే మీకు ఏడాదిలో కోతల కాలం. ఆ రోజుల్లో షట్టర్ దించేసి వెళ్ళారు. రోజుకు 1,500 మిగులుతుందని తక్కువలో తక్కువ వేసుకున్నా 6,000. అంటే ఆ ఉచిత లైట్లకు అయిన ఖర్చు 36,400, కార్డు వడ్డీ కాకుండా. ఊళ్ళో జనం కొత్తబట్టలు కొనే వారంలో బట్టల కొట్టాయన టూరుకు వెళ్ళడం ఏమిటమ్మా?

అందుకే కార్తీకం. కలకత్తాకి సుమారు 35 కిలోమీటర్లు ఎగువన హుగ్లీ ఒడ్డున చందన్‌నగర్ ఉంది. మన యానాంలాగే ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు. కలకత్తా దసరాలో మీరు నోరు తెరిచి చూసిన లైట్లలో ఎన్నో ఈ ఊరి మిస్త్రీలు చేసినవే. ఒకప్పుడు వాళ్ళు చెక్క రోలర్ మీద రేకులు బిగించి మోటారుతో తిప్పేవారు. అది తిరుగుతూ ఒక్కో వరస బల్బులకు కరెంటు తగిలిస్తుంటే, గోడ మీద నెమలి పురి విప్పేది, రైలు పరిగెత్తేది. ఇప్పుడు ఎల్‌ఈడీలూ చిప్పులూ వచ్చాయి, చేతులు మాత్రం ఆ ఊరివే. దసరాకి బయటి ఊళ్ళకు లైట్లు అద్దెకిచ్చి, సరిగ్గా నెల తర్వాత సొంత ఊళ్ళో జగద్ధాత్రి అమ్మవారి పూజ చేసుకుంటారు. కార్తీక శుద్ధ నవమి వాళ్ళకు పెద్ద రోజు. వీధివీధికీ లైట్ల తోరణాలు, ఆకాశమంత ఎత్తు విగ్రహాలు, చూడటానికి టికెట్ లేదు. అక్కడా జనం ఉంటారు, కాదనను. కానీ మీరు గది తీసుకునేది హౌరాలో. దసరా వెళ్ళిపోయాక అక్కడి అద్దెలు మళ్ళీ నేల మీదికి వస్తాయి. మీ కొట్టుకూ దీపావళి బేరాలు అయిపోయి ఉంటాయి.

ప్రయాణం ఇలా పెట్టుకోండి. సప్తమి రాత్రి బరంపురంలో రైలెక్కితే అష్టమి పొద్దున హౌరా. నలుగురైదుగురు పట్టే గది ఒక్కటే, ఒక్క రాత్రికి. మధ్యాహ్నం అందరూ నిద్రపోండి, అత్తగారు తప్పనిసరిగా. సాయంత్రం హౌరాలో లోకల్ ఎక్కితే గంటలోపే చందన్‌నగర్, టికెట్ చిల్లర డబ్బులతో పోతుంది. పూజ రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా అదనపు లోకళ్ళు నడుపుతుంటారు. అయినా తిరుగు బండి ఎన్నింటికో దిగగానే స్టేషన్లోనే అడిగి పెట్టుకోండి. నవమి పగలు కలకత్తా, రాత్రికి తిరుగు రైలు. దశమి రాత్రి లైట్ల బళ్ళతో నిమజ్జనం ఊరేగింపు ఉంటుంది, చూడాలనే ఉంటుంది. అత్తగారితో, పిల్లలతో ఆ తొక్కిసలాటలోకి ఈసారికి వద్దు.

నవమి పగలు టాక్సీ పేరెత్తకండి. హౌరా స్టేషన్ కిందే మెట్రో ఉంది. 2024 మార్చిలో తెరిచిన దారి, హుగ్లీ నది అడుగు నుంచి కలకత్తా నడిబొడ్డున ఉన్న ఎస్ప్లనేడ్‌కి తీసుకెళ్తుంది. నది కింద ఉన్నది అర కిలోమీటరు, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. అంతమేరా సొరంగంలో నీలం లైట్లు పెట్టారు. మీ బాబు రెండోసారి ఎక్కుదామంటాడు, ఎక్కించండి. కలకత్తా మెట్రోలో టికెట్లు 5 రూపాయల నుంచే మొదలు.

ఖర్చు: రైలు 4,000, గది 2,000, రెండు రోజుల తిండి మనిషికి రోజుకు 250 చొప్పున 2,500, లోకల్, మెట్రో, ఆటోలకు 700, పిల్లలకు 600. మొత్తం 9,800. కార్తీక మాసం కాబట్టి మీ అత్తగారు ఎలాగూ ఇంట్లో ఎవరినీ నీసు ముట్టనివ్వరు, బిర్యానీ ఖర్చు అక్కడే తప్పింది. పిల్లల 600 మాత్రం చెరో 300 చేసి బయల్దేరే ముందే వాళ్ళ చేతికి ఇచ్చేయండి. అమ్మ డబ్బుతో అడిగే బొమ్మలు వేరు, తమ డబ్బుతో కొనే బొమ్మలు వేరు. నిరుటి 3,500 అందుకే అయింది.

ఈ డబ్బు ఎక్కడిదంటే, కార్డు తీరిపోయింది కాబట్టి ఆ 840, దానికి మీకు మిగిలే 2,500 కలిపితే నెలకు 3,300 పైన. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మూడు నెలలకు 9,900 దాటుతుంది. దీన్ని కొట్టు గల్లాలో కలపకండి. మీ పేరు మీద వేరే సేవింగ్స్ ఖాతా ఉంటే అందులో వేయండి. దసరా బేరాల్లో అదనంగా వచ్చింది దీనికి కలపమని మీ ఆయన్ని అడగొద్దు, అది సరుకు తెచ్చుకోవడానికి కావాలి.

టికెట్ల విషయంలో ఒక్క రోజే ముఖ్యం. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. కార్తీక సప్తమికి 60 రోజులు వెనక్కి లెక్కపెడితే వినాయక చవితి వెళ్ళిన రెండు మూడు రోజులకు వస్తుంది. ఆ పొద్దున 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చోండి. బాబుకు బెర్తు లేకపోతే సగం టికెట్టే, కానీ రాత్రి ప్రయాణం, పూర్తి టికెట్ తీసి పడుకోబెట్టండి. పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. అయినా అత్తగారికి విడిగా ఒక టికెట్ తీసి లోయర్ బెర్త్ కోటా అడగండి, కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ.

పిల్లలకు రెండు రోజుల బడి పోవచ్చు. నాకైతే అదేం పెద్ద నష్టంగా కనిపించదు. హెడ్మాస్టరు కోప్పడితే నా పేరు చెప్పకండి. కుదరదంటే క్రిస్మస్‌కి పార్క్ స్ట్రీట్ లైట్లు ఉన్నాయి, అవీ ఉచితమే. డిసెంబరు 23న బయల్దేరాలంటే టికెట్లు అక్టోబరు 24న తెరుస్తారు. అప్పుడు గదుల అద్దెలు కార్తీకం అంత తక్కువ ఉండవు, ఆ తేడా ముందే కనుక్కోండి.

ఈ దసరాకి మరి పిల్లల సంగతంటారా? పగలు కొట్టు, రాత్రి షట్టర్ దించాక అందరూ కలిసి బరంపురంలోనే పందిళ్ళు చూడండి. రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వస్తే, దేశిబెహరా వీధి లైట్లు చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో మీ ఊరొచ్చి గదులు తీసుకుంటారు. మీరు చెప్పులేసుకుని నడిచి వెళ్తారు.

మీ ఆయనకు ఇదంతా చదివి వినిపించండి. ఆయన పిల్లల సరదా కోసమే అడిగారు, కాబట్టి ‘లోను వద్దు’ దగ్గర మొదలెట్టకుండా ‘కార్తీకంలో వెళ్తున్నాం’ దగ్గర మొదలెట్టండి. ఆ యాప్‌ని మాత్రం ఈ రాత్రికే తీసేయమనండి. చవితి తర్వాత పొద్దున్నే టికెట్ల కోసం అలారం పెట్టాల్సింది ఆ ఫోన్లోనే.