రాత్రి హైవే మీద ఆగి ఉన్న లారీ ఎందుకు కనిపించదు?

ప్రశ్న: నెలలో రెండు మూడుసార్లు రాత్రి భోజనం చేసి హైదరాబాద్‌లో బయలుదేరి తెల్లారేసరికి విజయవాడ చేరుకుంటాం. ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దిందన్న వార్త పేపర్లో తరచూ కనిపిస్తుంది. లైట్లు వేసుకుని వెళ్తూ అంత పెద్ద లారీని చూడలేకపోవడం ఏమిటి? మేం ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: లారీ కనిపిస్తుందండీ. కాకపోతే కనిపించేసరికి ఆగడానికి దూరం మిగలదు. డిమ్ లైటు వెలుగు రోడ్డు మీద దాదాపు 50, 60 మీటర్ల వరకే పనికొస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనుకు 28 మీటర్లు పోతుంది. ముందున్నది లారీ అని, అది ఆగి ఉందని పోల్చుకుని బ్రేక్ మీద కాలు వేసేసరికి సెకనున్నర గడుస్తుంది, అంటే 42 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, పూర్తిగా బ్రేక్ తొక్కినా ఆగడానికి ఇంకో 55 మీటర్లు కావాలి. లారీ 60 మీటర్ల దూరంలో కనిపించి ఉంటే, గుద్దేటప్పటికి కారు వేగం ఇంకా 80 పైనే ఉంటుంది. అదే 70లో వెళ్తుంటే మొత్తం 56 మీటర్లలో ఆగిపోవచ్చు. కాబట్టి డిమ్ లైటు మీద 60–70 దాటకండి. రోడ్డు ఖాళీగా ఉండి హైబీమ్ వేసుకోగలిగినప్పుడు 80 వరకు వెళ్లవచ్చు. వర్షంలో ఇంకా తగ్గించాలి.

ఇంకో చిక్కుంది. వెనక లైటు వెలుగుతున్న లారీ అయినా కదులుతోందా, ఆగి ఉందా అన్నది చీకట్లో మన కళ్లకు చివరిదాకా తేలదు. ఇక పత్తి, గడ్డి లోడు వేలాడి లైట్లను కప్పేసిన ట్రాక్టర్లు, బురద పట్టిన రిఫ్లెక్టర్లు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు ఎటూ ఉండేవే. ముందు ఎర్ర లైటు కనిపించగానే, అది దగ్గరవుతోందో లేదో తేలేదాకా యాక్సిలరేటర్ మీద కాలు తీసేయడం అలవాటు చేసుకోండి.

ఎదురు బండి హైబీమ్ కళ్లలో కొడితే ఆ లైటు వైపు చూడకండి. రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్ల గీతను పట్టుకుని, వేగం తగ్గించి పోనివ్వండి. అది దాటిపోయాక కూడా కొన్ని సెకన్ల పాటు చూపు కుదురుకోదు. ఆ సమయంలోనే చాలామంది మళ్లీ వేగం పెంచేస్తారు. ముందు అద్దాన్ని లోపలివైపు తుడుస్తున్నారా? ఏసీ గాలికి, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఆవిరికి అక్కడ సన్నటి జిడ్డు పొర పడుతుంది. పగలు తెలియదు గానీ రాత్రి ప్రతి లైటూ దాని మీద చెదిరిపోతుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే కారు ముక్కు పైకి లేచి, మీ డిమ్ లైటే ఎదుటివారికి హైబీమ్ అవుతుంది. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. లోడును బట్టి దాన్ని 2 లేదా 3కి తిప్పితే వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది.

నిద్ర సంగతి వేరే చెప్పాలి. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య ఒళ్లు నిద్రనే కోరుకుంటుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప వాలితే కారు 100 మీటర్లు ఎవరూ నడపకుండానే పోయినట్టు. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం, ఏదో ఒకటి నములుతూ ఉండటం కాసేపే పనిచేస్తాయి. గడిచిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చారో గుర్తు లేకపోతే ఇక నడపకండి. పెట్రోల్ బంకులోనో ఢాబా ఆవరణలోనో ఆపి, ఒక కాఫీ తాగి, వెంటనే 15–20 నిమిషాలు పడుకోండి. మీరు లేచేసరికి కాఫీ కూడా పని మొదలుపెడుతుంది. రోడ్డు పక్కన మాత్రం ఆపకండి, అప్పుడు ఇంకొకరికి ఆ ఆగి ఉన్న లారీ మీరే అవుతారు. కారు చెడిపోయి ఆపక తప్పకపోతే తెల్ల గీత దాటించి పూర్తిగా పక్కకు తీయండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, త్రికోణం బోర్డును 50 మీటర్లకు తగ్గకుండా వెనక పెట్టండి. అందరూ కారు దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. కారు వెనక నిలబడి టార్చి ఊపడం చాలా ప్రమాదం.

ప్రశ్న: శ్రీశైలం వెళ్తూ ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి పోయింది, కాలిన వాసన వచ్చింది. కాసేపు ఆగాక మామూలైంది. ప్యాడ్లు బాగున్నాయని మెకానిక్ అంటున్నాడు. మరి లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ప్యాడ్లు బాగుండవచ్చమ్మా, ఫ్లూయిడ్ చూడమనండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 155 దగ్గరే మరగవచ్చు. దిగుడంతా బ్రేక్ మీదే కాలుంచితే వేడికి ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి తప్ప ఒత్తిడి ప్యాడ్లకు చేరదు. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్పించండి. మార్చకుండా పైన కొంచెం కలిపి పోస్తే లాభం లేదు.

దిగేటప్పుడు ఏ గేర్ వాడాలంటే, అదే వాలును ఎక్కడానికి ఏ గేర్ కావాలో అదే. చాలాచోట్ల సెకండ్ సరిపోతుంది. ఆటోమేటిక్‌లో అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేర్ పెట్టండి. కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. ఆ వదిలిన వ్యవధిలోనే డిస్కులు చల్లబడతాయి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవారున్నారు. ఇది పూర్తిగా తప్పు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఈ కాలపు ఇంజిన్ ఇంధనాన్ని ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది. ఇంజిన్ ఆపేసి దిగితే ఇంకా ఘోరం. రెండు మూడుసార్లు తొక్కగానే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

మళ్లీ మెత్తబడితే పెడల్‌ను వెంటవెంటనే పంప్ చేస్తూ, గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, చేతి బ్రేక్‌ను కొంచెం కొంచెంగా లాగండి. ఆగాక చక్రానికి రాయి పెట్టి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర తిరుగుతాయి.

ప్రశ్న: ఎండాకాలం హైవే ఎక్కే ముందు టైర్లలో రెండు మూడు పాయింట్లు గాలి తగ్గించమని పంక్చర్ షాపులో చెప్పారు. మంచిదేనా?
– ఒక పాఠకుడు, పిడుగురాళ్ల

జవాబు: వద్దు. టైరు పేలేది చాలావరకు గాలి తక్కువై. గాలి తగ్గితే టైరు పక్క గోడలు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి, ఆ నలుగుడుకే లోపల వేడెక్కుతాయి. డ్రైవర్ తలుపు తీస్తే, తలుపు మూసుకునే చోట ఉన్న స్తంభం మీద కంపెనీ స్టిక్కర్ ఉంటుంది. ఇద్దరికి ఒక అంకె, నిండా మనుషులు, సామాను ఉంటే ఇంకో అంకె. బయలుదేరక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్క ప్రకారం పట్టించండి. దారిలో నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలే, దాన్ని వదలకండి. టైరు పక్కన డాట్ (DOT) అన్న వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చట్టప్రకారం కూడా మార్చాల్సిందే. వానాకాలం ముందు 3 దగ్గరే మారిస్తే మేలు. నడుస్తుండగా టైరు పేలితే బ్రేక్ తొక్కకుండా, స్టీరింగ్ రెండు చేతులతో తిన్నగా పట్టి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి దానంతట అది నెమ్మదించాక పక్కకు తీయండి.

ప్రశ్న: ఏడాది పాపను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. నాకు బెల్టు ఉంటుంది. సరిపోతుందా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: సరిపోదమ్మా. 50లో వెళ్తున్న కారు పదో వంతు సెకనులో ఆగితే పది కిలోల పాప మీ చేతుల్లో 140 కిలోలు లాగినట్టు లాగుతుంది, ఎవరూ పట్టుకోలేరు. పైగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది సరిగ్గా పాప ఉన్న చోటికే. పాపను వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటులో కట్టండి. వెనక కూర్చునే పెద్దలంతా బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే వాళ్లే ముందు సీటు మీదికి ఎగిరి పడతారు. డ్యాష్‌బోర్డు ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద దేవుడి విగ్రహం అంటించి ఉంటే తీసేయండి. అద్దానికి చిన్న స్టిక్కర్ బొమ్మ చాలు.