శవపేటికల దుకాణం నడుపుతానంటున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది విశాఖ వన్ టౌన్. మా తాతగారు మొదలుపెట్టిన శవపేటికల దుకాణాన్ని ఇప్పుడు నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. రెండు ఫ్రీజర్ బాక్సులు, ఒక వ్యాను ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నర్సింగ్ చదివిద్దామంటే "నాన్నా, షాపు నేను చూసుకుంటాను, దానికి పనికొచ్చే చదువేదో కనుక్కో" అంటోంది. మా ఆవిడకు ససేమిరా ఇష్టం లేదు, పెళ్లి సంబంధాలు రావని భయం. విదేశాల్లో ఈ పనికి కోర్సులున్నాయని విన్నాం. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మీ తాతగారి కాలంలో కొలత తీసుకుని పెట్టె కొట్టి ఇస్తే పని అయిపోయేది. ఇప్పుడు మీకు ఫోను చేసే కుటుంబానికి పెట్టె ఒక్కటే చాలదు. ఫ్రీజరు కావాలి, బండి కావాలి, ఆస్పత్రి కాగితాలు చూసిపెట్టాలి, కొడుకు విదేశం నుంచి దిగేదాకా దేహం చెడకుండా కాపాడాలి, చివరికి మరణ ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలో కూడా మీరే చెప్పాలి. చదువు వెతికేటప్పుడు ఈ మొత్తం పనిని లెక్కలోకి తీసుకోండి. చెక్క పని ఇంట్లోనే నేర్చుకుంటుంది. మిగతాది బయట నేర్చుకోవాలి.

అలా చూస్తే మీరు అనుకున్నదీ అమ్మాయి కోరుతున్నదీ ఒకే దారి. బీఎస్సీ నర్సింగ్ చదివించండి, షాపు కోసమే చదివించండి. నాలుగేళ్ల ఆ కోర్సులో ప్రాణం పోయిన తర్వాత దేహాన్ని ఎలా శుభ్రపరచాలి, ఎలా సిద్ధం చేయాలి, కుటుంబంతో ఎలా మాట్లాడాలి అన్నది పాఠంగానే ఉంటుంది. ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం, రాత్రి డ్యూటీ, ఆస్పత్రి రికార్డుల భాష అన్నీ అలవాటవుతాయి. అయిదేళ్ల తర్వాత మనసు మారినా చేతిలో ఉద్యోగం దొరికే డిగ్రీ ఉంటుంది. బీకాం దూరవిద్యలో చదువుతూ ఇప్పటినుంచే షాపులో కూర్చోవడం మరో దారి. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది కూడా. కానీ పదిహేడేళ్ల పిల్లను ఇప్పుడే కౌంటరు వెనక కూర్చోబెట్టడం మాకు నచ్చలేదు. లెక్కలు, ట్యాలీ సెలవుల్లో నేర్చుకోవచ్చు.

విదేశీ కోర్సు గురించి అడిగారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చురీ సైన్స్‌లో (దేహాన్ని సిద్ధం చేయడం, అంత్యక్రియల నిర్వహణ నేర్పే చదువు) రెండేళ్ల డిగ్రీ, ఆపైన ఏడాది నుంచి మూడేళ్ల అప్రెంటిస్, ఆ తర్వాతే లైసెన్సు. ఆ చదువులో పెద్ద భాగం అక్కడి చట్టం, దేహాన్ని ఎంబామ్ చేసి (చెడకుండా రసాయనాలు ఎక్కించి) చూపులకు ఉంచే అక్కడి ఆచారం. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ రోజో మర్నాడో దహనమో ఖననమో అయిపోతుంది. పైగా మన దేశంలో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు లేదు, కాబట్టి ఆ డిగ్రీకి ఇక్కడ విడిగా విలువ కట్టేవాళ్లు లేరు. అప్పు చేసి పంపకండి. అక్కడి నుంచి ఒక్క పద్ధతి మాత్రం తెచ్చుకోండి. 1984 నుంచి అమెరికాలో అంత్యక్రియల సంస్థలు ప్రతి వస్తువుకూ ప్రతి సేవకూ విడివిడిగా ధర రాసిన జాబితా కుటుంబం చేతిలో పెట్టి తీరాలి. మీ షాపులోనూ అలాంటి కాగితం ఒకటి అచ్చు వేయించండి. ఏడుస్తున్న మనిషితో బేరం ఆడాల్సిన పరిస్థితి ఇద్దరికీ తప్పుతుంది.

ఎంబామింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి దీన్నే గొప్ప నైపుణ్యంగా ఊహించుకుంటూ ఉండవచ్చు. మెడలోనో తొడ మొదట్లోనో ధమనిని తెరిచి ఫార్మలిన్ కలిపిన ద్రావణం ఎక్కిస్తారు. పెద్దవారికి సుమారు పది లీటర్లు పడుతుంది. రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే ఒక కాలికో చేతికో ద్రావణం అందదు, ఆ భాగం ముందు చెడుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా సంగతి చూడకుండా ధమని ఒక్కదానితో సరిపెడితే పొట్ట ఉబ్బి నోట్లోంచి, ముక్కులోంచి ద్రవం వస్తుంది. ఈ పని వైద్య కళాశాలల అనాటమీ విభాగాల్లో జరుగుతుంది. విమానంలో పంపడానికి అడిగే ఎంబామింగ్ ధ్రువపత్రం అక్కడి వైద్యులు ఇవ్వాలి, మీ షాపు లెటర్‌హెడ్ మీద కుదరదు. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలిన రసాయనం. గాలి ఆడే గది, సరైన మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా దాని దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వకండి. అది ఒలికిన చోట బ్లీచింగ్ అసలు పోయకూడదు, రెండూ కలిస్తే ఇంకా ప్రమాదకరమైనది పుడుతుంది. ఎంబామింగ్‌నే వృత్తిగా తీసుకోవాలనిపిస్తే డిగ్రీ తర్వాత కొన్ని వైద్య కళాశాలల్లో ఉన్న మూడేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ అనాటమీ అర్హతలు చూడమనండి. షాపు నడపడానికి అది అవసరం లేదు. ఎప్పుడు చేయించాలి, ఎప్పుడు చేయించకూడదు అన్నది తెలిస్తే చాలు.

చేయించకూడని సందర్భాన్ని మాత్రం కంఠతా పట్టించండి. ప్రమాదం, ఆత్మహత్య, విషం, కాలిన గాయాలు, ఏ కొంచెం అనుమానం ఉన్నా పోలీసుల శవపంచనామా, పోస్టుమార్టం పూర్తయ్యేదాకా స్నానం చేయించకూడదు, బట్టలు మార్చకూడదు. ఎంబామింగ్ మాటే ఎత్తకూడదు. ఫార్మలిన్ ఎక్కాక కొన్ని విషాలను లాబొరేటరీలో పట్టుకోవడం కష్టం. "ఎందుకండీ ఇదంతా, పెద్దాయన కదా, కానిచ్చేయండి" అని బంధువులు ఒత్తిడి చేస్తారు. మెత్తగా, గట్టిగా కాదనడం మీ అమ్మాయికి రావాలి.

ఇక కాగితాలు. ఈ వ్యాపారంలో కుటుంబాలు ఏళ్ల తరబడి ఇబ్బంది పడేది ఇక్కడే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. అది దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు. ఆస్పత్రిలో పోతే వైద్యుడు ఫారం 4 మీద కారణం రాస్తాడు, సమాచారం ఆస్పత్రే పంపుతుంది. ఇంట్లో పోతే చూసిన వైద్యుడి నుంచి ఫారం 4ఏ తీసుకుని ఇంటివాళ్లే నమోదు చేయించుకోవాలి. చాలామంది శ్మశానంలో ఇచ్చే రసీదునే మరణ ధ్రువపత్రం అనుకుని ఊరుకుంటారు. ఆర్నెల్లకు ఎల్ఐసీ వాళ్లు అడిగినప్పుడు తెలుస్తుంది. రెండో తప్పు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పింఛను పుస్తకంలో వెనక, ఆస్పత్రి చీటీలో అసలు లేదు. ఆ రాత్రే ఆధార్ కాపీ తీసుకుని, ఫారంలో అక్షరం అక్షరం సరిచూసే పని మీ షాపు చేస్తే ఆ కుటుంబం మిమ్మల్ని మరచిపోదు.

విమానంలో పంపేటప్పుడు మరణ ధ్రువపత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ పత్రం, పెట్టెలో దేహం తప్ప మరేదీ లేదని మీరు ఇచ్చే పత్రం, వెంట వెళ్లేవారి గుర్తింపు కార్డు సిద్ధంగా ఉండాలి. పెట్టె చేయకముందే ఎయిర్‌లైన్స్ కార్గోకు ఫోను చేసి ఆ రోజు వచ్చేది ఏ విమానమో, దాని కార్గో తలుపు కొలత ఎంతో అడగాలి. పెట్టె సరిపోయినా బయటికి పొడుచుకొచ్చిన పిడుల వల్ల లోపలికి వెళ్లని సందర్భాలుంటాయి. విశాఖ పోర్టు నగరం కాబట్టి ఓడలో చనిపోయిన నావికుల పని కూడా రావచ్చు. అందులో షిప్పింగ్ ఏజెంటు, పోర్టు ఆరోగ్య అధికారి, విదేశీయుడైతే ఆ దేశపు కాన్సులేటు కూడా ఉంటారు. దేశం దాటే పెట్టెకు లోపల జింకు రేకు అతికించి సోల్డరింగ్ చేయాలి. మూలల్లో నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచితే ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది.

ఫ్రీజర్ బాక్సుల విషయంలో మీకు అనుభవం ఉంది గాని, అది అమ్మాయికి రాతపూర్వకంగా అందాలి. పెట్టెను వాల్చి మెట్లెక్కించారంటే కంప్రెసరు నూనె గొట్టాల్లోకి జారుతుంది, గంటా రెండు గంటలు కదలకుండా ఉంచి ఆన్ చేయాలి. వన్ టౌన్ ఇరుకు మెట్లకు ఇది రోజూ ఉండే సమస్య. 15 ఆంపియర్ల సాకెట్ నుంచే కరెంటు తీసుకోవాలి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే వోల్టేజి పడి కంప్రెసరు మూలుగుతూ ట్రిప్ అవుతుంది. గాలి వదిలే వైపు గోడకు అడుగు దూరం ఉండాలి. దండలన్నీ ఆ జాలీ మీదే వేస్తారు, తీయించాలి. మన సముద్రపు తేమకు అద్దం మీద నీరు పడుతుంది. చూసుకోవడానికి పదే పదే మూత తెరిస్తే తేమ లోపలికి వెళ్లి కాయిల్ మీద మంచు కట్టి చల్లదనం తగ్గుతుంది. ఈ యంత్రం చెడడాన్ని నిదానింపజేస్తుంది, ఆపదు. వేసవిలో బయట ఉంచితే 12 గంటల లోపే పొత్తికడుపు కుడివైపు ఆకుపచ్చ మచ్చ కనిపించవచ్చు, కాబట్టి ఆలస్యంగా బాక్సు అద్దెకిచ్చి అద్భుతం జరుగుతుందని మాట ఇవ్వకూడదు. కనురెప్పలు, దవడ రెండు మూడు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. నోరు మూసి గడ్డం కట్టడం, చేతులు సర్దడం అంతకు ముందే అయిపోవాలని ఫోన్లోనే చెప్పగలగాలి. దహనమైతే గుండెలో పేస్‌మేకర్ ఉందా అని తప్పకుండా అడగాలి, మంటల్లో దాని బ్యాటరీ పేలుతుంది.

మీ ఆవిడ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. పొద్దున్నే మీ షాపు ముందు నుంచి వెళ్లడానికి ఇష్టపడని వాళ్లు మీ వీధిలోనే ఉంటారు, సంబంధం దగ్గర ఆ మాట వస్తుంది కూడా. ఆవిడకు ఒక విషయం చెప్పి చూడండి. ఇంట్లో ఆడమనిషి పోయినప్పుడు స్నానం చేయించి చీర కట్టడానికి ఆ ఇంటివాళ్లు ఆడవాళ్ల చేతుల కోసమే వెతుకుతారు. అపార్ట్‌మెంట్లలో చుట్టాలు వచ్చేసరికి ఆలస్యమవుతోంది, దగ్గరుండి చేసే పెద్ద ముత్తైదువలు లేరు. చదువుకున్న నర్సు, అందులోనూ ఈ పనిని గౌరవంగా చేసే అమ్మాయి వస్తే ఆ తల్లికి జరిగే మర్యాద వేరు. నర్సింగ్ డిగ్రీతో పెళ్లి మాటల్లో కూడా మీ అమ్మాయికి సొంత గుర్తింపు ఉంటుంది. అయినా కాదంటే బలవంతం వద్దు, నాలుగేళ్ల సమయం ఉంది.

మీరు మీ తమ్ముడితో తేల్చుకోవలసింది మాత్రం ఈ ఏడాదే తేల్చండి. షాపు అద్దె ఒప్పందం, వ్యాను ఎవరి పేరున ఉన్నాయి? తమ్ముడి పిల్లల వాటా ఏమిటి? భాగస్వామ్య పత్రం రాసుకోకుండా అమ్మాయి చేతికి తాళాలిస్తే రేపు బాబాయితో తగవు ఆమె నెత్తిన పడుతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం, చేయించండి. దేహాన్ని తరలించడంతో సహా అంత్యక్రియల సేవలు 2017 సీజీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు కింద జీఎస్టీ పరిధిలోకి రావు. విడిగా అమ్మే పెట్టె, సామగ్రి సంగతి వేరు. ఒకే మొత్తంగా బిల్లు రాయకుండా రెండూ విడదీయమని మీ ఆడిటర్‌కు చెప్పండి. ప్రభుత్వాస్పత్రుల నుంచి దేహాలను ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు ఉచితంగా వెళ్తున్నాయి గనక కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దగ్గర వ్యాను బాడుగ మీదే లెక్క వేసుకుని రెండో బండి కొనకండి. ఆ డబ్బు మూడో ఫ్రీజరుకు, స్టెబిలైజరుకు, చిన్న జనరేటరుకు పెడితే మేలు.

పద్దెనిమిది నిండేదాకా అమ్మాయిని దేహాల దగ్గర పని చేయనివ్వకండి. ఈ సెలవుల్లో ఫోను పక్కన కూర్చోబెట్టి వచ్చిన ప్రతి కాల్‌కూ సమయం, మరణం ఎక్కడ జరిగింది, ఏ కాగితాలు ఉన్నాయి, ఏం అడిగారు అని నోటుపుస్తకంలో రాయించండి. హెపటైటిస్ బి టీకా మొదటి డోసు ఇప్పుడే వేయిస్తే, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది పడి కాలేజీలో చేరేనాటికి పూర్తవుతుంది. మీకూ మీ తమ్ముడికీ బండి డ్రైవరుకూ పడకపోతే అదే రోజు వాళ్లనూ తీసుకెళ్లండి.