నీళ్ల డబ్బాలు పట్టుకుని నడిస్తే మంచిదేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పర్లాకిమిడి. నాకు 48 ఏళ్లు, బరువు 65 కిలోలు. స్కూల్లో టీచర్‌ని. రెండూ మామూలు కాన్పులే. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. రాత్రి నిద్ర సరిగా పట్టదు, చిన్నదానికే టెన్షన్. బరంపురంలో చదువుతున్న మా అబ్బాయి చేతుల్లో బరువులు పట్టుకుని నడవమంటున్నాడు. ఆడవాళ్లు బరువులు మోస్తే గర్భసంచి జారిపోతుందని మా అత్తగారు వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, అబ్బాయి మాట వినండి. కానీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ చూసిన బరువు వేరు, అబ్బాయి చెబుతున్న బరువు వేరు.

సంత రోజున కొండ మీద నుంచి గంపలతో దిగే సవర ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. కాన్పయిన కొద్ది రోజులకే నీళ్ల బిందె ఎత్తిన తరం మీ అత్తగారిది. ఆ బరువు ఎంతుండాలో, ఎప్పుడు దించాలో మోసేవాళ్ల చేతిలో ఉండదు. ఒళ్లు నొప్పిగా ఉన్నా రేపు మళ్లీ మోయాల్సిందే. నడుములు అరిగేది, గర్భసంచి జారేది అలాంటి చోటే ఎక్కువ. కసరత్తులో బరువు మీరు ఎంచుకుంటారు, అలసిపోతే దించుతారు, మర్నాడు విశ్రాంతి తీసుకుంటారు. ఆ విశ్రాంతిలోనే కండరం బలపడుతుంది.

మీ వయసులో నాకు ఎక్కువ దిగులు ఎముకల గురించే. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుంది, మొదటి కొన్నేళ్లు ఎముక త్వరగా పలచబడుతుంది. తన మీద బరువు పడితే, ఆ బరువుకు తగ్గట్టు ఎముక తనను తాను గట్టిపరుచుకుంటుంది. ఉత్త నడక గుండెకు మంచిదే, ఎముకకు మాత్రం అది చాలదు. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన, నెలసరి ఆగిన మహిళల చేత నిపుణులు దగ్గరుండి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 8 నెలలు పెద్ద బరువులు ఎత్తించారు. వాళ్ల వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగిందని 2018లో ప్రచురించారు. అవి జిమ్ బరువులు, మీరు అక్కడితో మొదలుపెట్టకూడదు.

చేతుల్లో బరువుతో నడిచినప్పుడు పిడికిలి, భుజాలు, పొట్ట, నడుము, పిరుదులు, కాళ్లు అన్నీ కలిసి పనిచేస్తాయి. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది కాబట్టి షుగర్ అదుపుకూ మేలే. పిడికిలి బలాన్ని చిన్నచూపు చూడకండి. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించిన అధ్యయనం 2015లో వచ్చింది. పట్టు బలహీనంగా ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. పిడికిలి ఒక్కటే గట్టిపడితే ఆయుష్షు పెరుగుతుందని కాదు, ఒంట్లోని బలాన్ని అది చూపిస్తుంది.

ఇక టెన్షన్ సంగతి. బరువులతో చేసే వ్యాయామం దిగులు (డిప్రెషన్) లక్షణాలను తగ్గిస్తుందని 33 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ 2018లో తేల్చింది. నాకు తోచే కారణం ఒకటుంది. చేతిలో బరువు ఉన్నప్పుడు మనసు అడుగు మీదా ఊపిరి మీదా నిలుస్తుంది, రేపటి పరీక్ష పేపర్ల మీదికి పోదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక చేసి చూడండి, నిద్రకూ సాయపడవచ్చు. రెండు మూడు వారాలు దాటినా దిగులు వదలకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

డంబెల్స్ కొననక్కర్లేదు. పిడి ఉన్న 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు రెండు చాలు. లీటరు నీళ్లంటే కిలో. ఒక్కోదాంట్లో 3 లీటర్లు పోసి, మోకాళ్లు వంచి, డబ్బాలు ఒంటికి దగ్గరగా ఉంచుకుని లేపండి. లేపేటప్పుడు మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి, ఊపిరి వదలండి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, ఒత్తిడంతా కిందికి పడుతుంది. మేడ మీదో పెరట్లోనో నిటారుగా 40 అడుగులు నడిచి దించండి. నిమిషం ఆగి మళ్లీ నడవండి. అలా నాలుగైదు సార్లు, వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. తేలిగ్గా అనిపిస్తే వారానికి అర లీటరు పెంచండి. తల మీద మాత్రం వద్దు, చిన్నప్పటి నుంచి అలవాటు లేని మెడకు అది మంచిది కాదు.

తిండి కూడా తోడుండాలి. పప్పు, గుడ్డు, చేప తినండి. చోళ్ల (రాగుల) అంబలి మానేసిన ఇళ్లే ఇప్పుడు ఎక్కువ, నాకు బాధేస్తుంది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక్కటి గమనించుకోండి. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా, సాయంత్రానికి కింద ఏదో జారినట్టు బరువుగా ఉంటోందా? ఉంటే సిగ్గుపడకుండా ముందు గైనకాలజిస్టుకు చూపించుకోండి. కింది కండరాలకు వేరే వ్యాయామం నేర్పిస్తారు, డబ్బాలు ఆ తర్వాత. హెర్నియా, అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, కాలి వరకు లాగే నడుము నొప్పి, చిన్న దెబ్బకే విరిగిన ఎముక ఉన్నా డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఇవేవీ లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. మొదటి రోజు అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.